బెకెర్ పాదంలో ‘ఆంగులో’నా, ‘రింకోన్’ అనా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
పంతొమ్మిదవ శతాబ్దపు స్పానిష్ కవి గుస్తావో అదోల్ఫో బెకెర్ ఏడవ రీమాను (గది మూలన మరచిపోయిన హార్ప్ అనే తీగల వాద్యం మీద రాసిన చిన్న కవితను) తెలుగు చేస్తూ మొదటి పాదం దగ్గరే ఆగిపోయాను. పుస్తకం చేతిలో లేదు. “దెల్ సలోన్ ఎన్ ఎల్ రింకోన్ ఓస్కూరో” (చావడి చీకటి మూలలో) అని నోటికి వస్తోంది, కానీ రింకోన్ ఉన్న చోట “ఆంగులో” అని ఎప్పుడో చదివినట్టు చెవి మొరాయిస్తోంది. ఇంగ్లీషు ‘కార్నర్’ ఒక్కటే మోసే బరువును స్పానిష్ రెండు మాటలకు పంచిందని మనందరికీ తెలిసినదే: గోడలు లోపలికి కలిసే చోటు రింకోన్, బయటికి పొడుచుకొచ్చే చోటు ఎస్కీనా. హార్ప్ ఉన్నది గది లోపల కనుక రింకోన్ అనే నా జ్ఞాపకమే న్యాయమనిపిస్తోంది. ఒకవేళ కవి ఆంగులో అని ఉంటే, చేతిలో ఉన్న సరైన మాటను ఎందుకు వదిలినట్టు? తెలుగులో దానిని ‘మూల’ అనాలా, ‘కోణం’ అనాలా?

హైదరాబాద్ నుంచి:
ఆంగులోయే, సందేహం లేదు. కారణం ఛందస్సు. అది పది అక్షరాల పాదం. “దెల్–స–లోన్–ఎన్–ఎల్–ఆన్–గు–లోస్–కూ–రో” అని లెక్కించినప్పుడు ఊనిక (ఒత్తి పలకడం) మూడు, ఆరు, తొమ్మిది అక్షరాల మీద పడుతుంది. మన లెక్కలో చెప్పాలంటే మూడు స గణాలు, చివర ఒక తేలిక అక్షరం. తోటకం నడక చెవికి అలవాటైనవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది, అయితే అక్కడ లెక్క గురులఘువులది, ఇక్కడ ఊనికది. ఇప్పుడు మీ రింకోన్‌ను పెట్టి చూడండి. అక్షరాలు పదే వస్తాయి, కానీ ఊనిక ‘కోన్’ మీద, అంటే ఏడవ అక్షరం మీద పడి నడక కుంటుతుంది. ఆ ఒక్క అక్షరం కోసమే బెకెర్ ఆంగులోను ఎంచుకున్నాడు.

మాడ్రిడ్ నుంచి:
హైదరాబాద్ మిత్రుల లెక్క సరైనదే, దాని నుంచి తీసిన నిర్ణయం మాత్రం నిలవదు. ఛందస్సే కవిని బలవంతపెట్టి ఉంటే రింకోన్‌తో ఆ నడక అసాధ్యమై ఉండాలి. కానీ “ఎన్ ఓస్కూరో రింకోన్ దెల్ సలోన్” అని చూడండి. ఊనిక సరిగ్గా మూడు, ఆరు, తొమ్మిది మీద పడుతుంది. చివరి మాట ఊనికతో ముగిసింది కనుక స్పానిష్ లెక్క ప్రకారం ఒక అక్షరం కలిపి పది. మొదటి, మూడవ పాదాలకు ప్రాస నియమం లేదు, రెండవ పాదంలోని ‘ఒల్విదాదా’ (మరచిపోయిన), నాలుగవ పాదంలోని ‘ఆర్పా’ (హార్ప్) మధ్యనే అచ్చుల మైత్రి నడుస్తుంది, కాబట్టి ఈ పాదానికి ఆ అడ్డంకి కూడా లేదు. రింకోన్ కావాలనుకుంటే బెకెర్‌కు దారి ఉంది. వద్దనుకున్నాడు.

హైదరాబాద్ నుంచి, మళ్ళీ:
మీ పాదం గణాలకు సరిపోయింది, చెవికి సరిపోలేదు. రింకోన్, సలోన్ రెండూ ‘ఓన్’ అని ఒకే పాదంలో మోగుతున్నాయి. పెద్ద ప్రాసలను పక్కన పెట్టి, అచ్చుల మైత్రితోనే మెత్తగా నడిపే కవి అంత గట్టి మోతను మొదటి పాదంలోనే ఒప్పుకుంటాడా? గుంటూరు మిత్రుల జ్ఞాపకంలోని పాదానికీ ఇదే దోషం ఉంది. పైగా మీరు సలోన్‌ను పాదం చివరకు తోశారు. బెకెర్ ముందు గదిని చూపించి, తర్వాత దాని చీకటి మూలను, ఆ తర్వాత మరచిపోయిన యజమానిని, దుమ్మును చూపించి, నాలుగవ పాదం చివరగానీ ‘ఆర్పా’ అనే మాట వినిపించడు. ఆ వరుస చెడకూడదు.

విశాఖపట్నం నుంచి:
గణాలు, మోత అంటూ అర్థాన్ని వదిలేస్తున్నాము. రింకోన్‌లో ఆప్యాయత ఉంది. మనిషి తనదిగా చేసుకున్న చోటును, ఊళ్ళో తనకిష్టమైన చిన్న స్థలాన్ని స్పానిష్ వారు రింకోన్ అంటారు. భోజనశాలలకు ఆ పేరు పెట్టుకునేది అందుకే. ఆంగులో చల్లని మాట, గీతలు కలిసే చోటు. యజమాని మరచిపోయి, దుమ్ము పట్టి, మౌనంగా ఉన్న వాద్యం ఎవరికీ ఇష్టమైన చోట లేదు. మూడవ చరణంలో ప్రతిభ “ఆత్మ అడుగున” నిద్రపోతోందంటాడు కవి. అక్కడ ‘ఫోందో’ అనే నిర్లిప్తమైన మాటను వాడినవాడే ఇక్కడ ఆంగులోను వాడాడు, రెండింటికీ పొత్తు కుదిరింది. తెలుగులో కూడా ‘కోణం’ అనడమే న్యాయం.

అనంతపురం నుంచి:
విశాఖ వారి వాదం అందంగా ఉంది, కానీ ‘అర్రింకోనార్’ అనే క్రియను ఏం చేస్తారు? రింకోన్ నుంచే పుట్టిన ఆ మాటకు పనికిరాదని పక్కకు నెట్టడం, పట్టించుకోకుండా వదిలేయడం అని అర్థం. అది అచ్చంగా మన ‘మూలన పడేయడం’. రింకోన్‌లో ఆప్యాయత ఎంత ఉందో ఉపేక్ష అంతే ఉంది. కనుక దుమ్ము పట్టిన వాద్యానికి రింకోన్ తగదనలేము. ఇక ఆంగులో నిజంగా చల్లని మాటేనా? స్పానిష్ అకాడమీ నిఘంటువు ఆంగులోకు గణితార్థం ఇచ్చాక రింకోన్ అనే అర్థమూ, ఎస్కీనా అనే అర్థమూ రెండూ ఇస్తుంది. అంటే మన ‘మూల’ లాగా గది మూలకు, వీధి మూలకు పనికివచ్చే మాట స్పానిష్‌లో ఏదైనా ఉంటే అది ఆంగులోయే. ‘కోణం’ అంటే నేటి తెలుగు పాఠకుడికి త్రిభుజమో, దృక్కోణమో తోస్తుంది, దుమ్ము తోచదు.

ఇంకొక సంగతి హైదరాబాద్ వారికి నచ్చుతుంది. అదే అకాడమీ రింకోన్‌కు అండలూసీ అరబ్బీ మీదుగా ‘రుక్న్’ అనే అరబ్బీ మాటను మూలంగా చెబుతుంది. ఉర్దూలో సభ్యుడికి, స్తంభానికి వాడే రుక్న్ అదే. బెకెర్ పుట్టినది సెవిల్యాలో. ఆ నేల మీద పుట్టినవాడు అరబ్బీ జన్యమైన మాటను కాదని లాటిన్ మాటను ఎందుకు పట్టుకున్నాడన్నది నాకు ఛందస్సు కంటే ఆసక్తికరమైన ప్రశ్న.

మాడ్రిడ్ నుంచి:
మాట పుట్టుక కవికి తెలిసి ఉండాలని లేదు. వాడుకలో రింకోన్ ఆనాటికే పూర్తిగా ఇంటి మాట. ‘దోన్ కిహోతె’ రాసిన సెర్వాంతెస్ 1613లో అచ్చయిన తన నీతికథలలో ఒక కుర్ర దొంగకు ఇంటిపేరుగా ఆ మాటనే పెట్టాడు.

జ్ఞాపకం గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. బెకెర్ తన కవితల ప్రతిని మంత్రి గొన్సాలెస్ బ్రావో చేతికిచ్చాడు, అది 1868 విప్లవపు అల్లర్లలో పోయింది. ఆయన చాలా భాగం జ్ఞాపకం నుంచే మళ్ళీ రాసుకున్నాడు. ఆ పుస్తకమే నేడు ఇక్కడి జాతీయ గ్రంథాలయంలో ఉన్న ‘పిచ్చుకల పుస్తకం’. 1870లో ఆయన చనిపోయాక మిత్రులు 1871లో అచ్చు వేసినప్పుడు అక్కడక్కడా మాటలు దిద్దారు. బెకెర్‌లో ఒక్క మాట మీద పట్టుబట్టేవారు రాతప్రతిని, అచ్చును పక్కపక్కన పెట్టుకోక తప్పదు.

గుంటూరు నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. ఆంగులో అని ఒప్పుకుంటున్నాను, కానీ ఎందుకో ఇంకా తేలలేదు. హైదరాబాద్ వారి మోత వాదం, అనంతపురం వారి నిఘంటువు వాదం రెండూ నిజమైతే, బెకెర్ ఆ మాటను ఎంచుకున్నది అర్థం కోసం కాదు, ధ్వని కోసమే అవుతుంది. విశాఖ వారు దీనిని ఒప్పుకోరని తెలుసు. ప్రస్తుతానికి “చావడి చీకటి మూలలో” అని ఉంచి, ‘ఆర్పా’ను నాలుగవ పాదం చివరికే దాస్తున్నాను. ‘వీణ’ అనను, హార్ప్ నేల మీద నిలబడే వాద్యం, దాని నిలువు రూపం పోకూడదు.

అయితే రెండవ పాదంలో ఇంకొక ముడి పడింది. కొన్ని ముద్రణలలో “దె సు దువేన్యో” (తన యజమాని) అని పుంలింగం. పాత స్పానిష్ ప్రేమ కవిత్వంలో స్త్రీని కూడా దువేన్యో అని పిలిచేవారు. రెండవ చరణంలో తీగలను మేల్కొలపగల చెయ్యి “మంచు చెయ్యి”, అంటే తెల్లని సుకుమారమైన చెయ్యి. మరచిపోయినది యజమానా, యజమానురాలా? తెలుగులో ఏదో ఒకటి రాయక తప్పదు.

విశాఖపట్నం నుంచి:
యజమానురాలే. ఆ చెయ్యి ఆమెదే.

హైదరాబాద్ నుంచి:
కాదు. మంచు చెయ్యి కోసం స్వరాలు ఇంకా ఎదురుచూస్తున్నాయి. మరచిపోయినవారు వేరు, రావలసినవారు వేరు. ఆ రెండవ పాదంలో ‘తల్ వేస్’, బహుశా, అనే మాట ఎందుకుందో మొదట చెప్పండి.