పరిణామక్రమంలో ఆత్మ ఏ తరంలో వచ్చినట్టు?

హనుమకొండలో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. పోయిన వారం జీవపరిణామం పాఠం ముగియగానే ఒక అమ్మాయి లేచి, "సార్, మరి ఆత్మ ఏ తరంలో వచ్చింది?" అని అడిగింది. రేపు చెబుతానన్నాను. ఆరు రోజులైంది.

నాకు ఆత్మ మీద నమ్మకం ఉంది, డార్విన్ మీదా ఉంది. చిక్కల్లా గీత ఎక్కడ గీయాలన్నదే. మన జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు. కానీ తల్లి మనిషి కాదు, ఆమె కన్న బిడ్డ మాత్రం మనిషి అనదగిన రోజు ఎన్నడూ లేదు. పైగా నియాండర్తల్‌లనే మరో ప్రాచీన మానవజాతితో మనవాళ్లకు సంతానమూ కలిగింది.

1950లో పోప్ పన్నెండో పయస్, దేహం పరిణామం వల్ల వచ్చిందేమో పరిశీలించవచ్చు గాని ఆత్మను దేవుడే నేరుగా సృష్టిస్తాడన్నారు. ఎవరితో మొదలన్న ప్రశ్న అలాగే మిగిలింది. జైనుల మాట నయమనిపించింది (మన పద్మాక్షి గుట్ట మీద తీర్థంకరులు ఉన్నారు కదా): ఒకే ఇంద్రియమున్న మొక్కలోనూ జీవుడున్నాడంటారు కనుక గీతే అక్కర్లేదు. అంతలో ప్లనేరియా గుర్తొచ్చింది. ఆ పురుగును రెండుగా కోస్తే రెండు ముక్కలూ నిండు పురుగులవుతాయి. గుడిలో పూజారి గారిని అడిగితే నవ్వి ప్రసాదం పెట్టారు.

ఆత్మే లేదనుకుంటే గొడవ ఉండదన్న జవాబు నాకు తెలుసు, అది వద్దు. అన్ని ప్రాణులలోనూ జీవుడున్నాడనే దర్శనాలలో (తత్వ సంప్రదాయాలలో) ఏదైనా, ఒక దేహం రెండు ప్రాణులైనప్పుడు రెండో జీవుడు ఎక్కడి నుంచి వచ్చాడని చెబుతుంది?