హైడెల్‌బర్గ్‌కు ఒక్క రోజు చాలా? (అమ్మానాన్నలతో)

గోంగూర_పచ్చడి: ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు. శనివారం పొద్దున ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయల్దేరి హైడెల్‌బర్గ్ చూపించి రాత్రికి ఇల్లు చేరాలని ప్లాన్. ముగ్గురికీ డాయిచ్‌లాండ్ టికెట్ (డి-టికెట్, లోకల్ రైళ్ల నెల పాస్) ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒక్క రోజు చాలా, రాత్రికి అక్కడే ఉండాలా?

నెకార్_గట్టు: నాలుగేళ్లుగా ఇక్కడే చదువుతున్నాను. ఒక్క రోజుకైతే రావొద్దు. అందరూ చేసేది ఒకటే: కోట, అందులోని పెద్ద వైన్ పీపా, వంతెన దగ్గర కోతి బొమ్మతో ఫొటో, రైలు. 1386లో పెట్టిన యూనివర్సిటీ ఇది, జర్మనీలో దీనికంటే పాతది లేదు. తాగి గోల చేసిన స్టూడెంట్లను 1914 దాకా పెట్టిన జైలు ఇప్పటికీ ఉంది, గోడల నిండా వాళ్లు గీసిన బొమ్మలే. అందులో ఉంటూ క్లాసులకు కూడా వెళ్లొచ్చేవాళ్లు! ఇవన్నీ పరుగులో చూసేవి కావు. సాయంత్రం ఫిలాసఫర్ల బాట ఎక్కి, అవతలి గట్టున ఎండ పడిన కోట చూడాలి.

ఎస్‌బాన్_బాబాయ్: పాత వంతెన నుంచి ఆ బాటకు వెళ్లే పాముదారి ఎంత నిటారో తమ్ముడు చెప్పలేదు. మోకాళ్ల నొప్పులావిడను అది ఎక్కిస్తావా? ఒక్క రోజు చాలు. హాప్ట్‌బాన్‌హోఫ్‌లో, అంటే మెయిన్ స్టేషన్‌లో, బయటికి రావద్దు. పాత ఊరు అక్కడికి రెండు కిలోమీటర్ల పైనే. అక్కడ ఎస్-బాన్ (లోకల్ రైలు)లోకి మారి, పాత ఊరి స్టేషన్ ఆల్ట్‌స్టాట్‌లో దిగండి. కోటకు మెట్లు మూడొందలకు పైనే, కోర్న్‌మార్క్ట్ అనే కూడలి నుంచి కొండ రైలు ఎక్కండి.

మిర్చిబజ్జీ: ఐసీఈ (స్పీడు రైలు) మాత్రం ఎక్కకండి, డి-టికెట్ చెల్లదు. ఫైన్ కట్టినవాడిని చెప్తున్నా.

నెకార్_గట్టు: బాబాయ్ గారూ, మీరు స్టేషన్ దగ్గరే ఆగిపోయారు. నేను ఊరి గురించి మాట్లాడుతున్నాను. మీలాంటివాళ్ల వల్లే ఇది సెల్ఫీ స్టాండ్ అయింది.

ఎస్‌బాన్_బాబాయ్: నువ్వు ఊరి గురించే మాట్లాడుతున్నావు, అదే నా బాధ. కిందటేడు నీలాంటివాడి మాట విని అమ్మను రాత్రి ఉంచాను. గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. తెల్లవార్లూ కాళ్లు పట్టుకుని కూర్చుంది. పీపా 1751 నాటిదా, రెండు లక్షల లీటర్ల పైన పడుతుందా అని ఆవిడ నన్ను అడగలేదయ్యా.

మిర్చిబజ్జీ: ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి.

నెకార్_గట్టు: మీ హోటల్ తప్పు ఊరి మీద వేయకండి. సరే, నా సంగతీ వినండి. మావాళ్లు వచ్చింది ఒక్కసారే. పది రోజుల్లో ఏడు ఊళ్లు తిప్పాను. హైడెల్‌బర్గ్‌కు ఇచ్చింది సగం రోజు, నేనుండే ఊరే కదా అని. ఎయిర్‌పోర్టులో అమ్మ అడిగింది: "నువ్వు చదివే గది చూపించలేదేరా?" మళ్లీ రమ్మంటే నాన్న ఆరోగ్యం ఒప్పుకోవడం లేదు. అందుకే అంటున్నా, లెక్కపెట్టి చూపించకండి అని.

ఎస్‌బాన్_బాబాయ్: ఈ మాట మొదటే చెప్పొచ్చు కదా. నేను అంటున్నదీ అదే. మనకు ఎన్ని రోజులు చాలో తేల్చుకుంటున్నాం. ఆవిడను ఎవరైనా అడిగారా?

గోంగూర_పచ్చడి: ఇప్పుడే అడిగాను. కోట వద్దంట, కొండ రైలు ఎక్కుతుందంట. నది పక్కన కూర్చుని పులిహోర తినాలంట. నాన్నకు మాత్రం స్టూడెంట్ల జైలు కావాలి, పకపకా నవ్వుతున్నాడు. రాత్రికి ఇంటికొచ్చి సొంత మంచం మీదే పడుకోవాలని ఇద్దరి మాట.

నెకార్_గట్టు: కొండ రైలు కోట దగ్గర ఆగుతుంది, దిగి తోటలో బెంచీ మీద కూర్చోబెట్టండి. ఊరంతా కనిపిస్తుంది. జైలు టికెట్ నేను తీసి పెడతా, వచ్చే ముందు మెసేజ్ చేయండి.

ఎస్‌బాన్_బాబాయ్: ఆల్ట్‌స్టాట్‌లో దిగండి. హాప్ట్‌బాన్‌హోఫ్‌లో కాదు.