ర్యామ్ ఒకటే కొని ఆగాలా, జత ఒకేసారి కొనాలా?

మద్దిలపాలెం నాన్న:
మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరాడు. ఏఎం5 (ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్లు పట్టే) బోర్డుతో డెస్క్‌టాప్ కట్టిస్తున్నాం. గ్రాఫిక్స్ కార్డు ఇప్పట్లో లేదు. ద్వారకానగర్ షాపతను రెండు 8 జీబీ ర్యామ్ స్టిక్కులు వేస్తానంటున్నాడు. "నాలుగు స్లాట్లున్నాయి, తర్వాత ఇంకో రెండు తగిలించుకోవచ్చు" అని భరోసా ఇస్తున్నాడు. ఒకే 16 వేయించి, రెండోది తర్వాత కొంటే మేలని నాకనిపిస్తోంది. మీరేమంటారు?

గాజువాక పొదుపరి:
మీరన్నదే సరి. 2025 చివర్లో ఏఐ సర్వర్ల గిరాకీకి ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో చూశాం కదా. ఇలాంటప్పుడు అవసరమైనంతే కొనాలి. 8 జతను రేపు అయినకాడికి అమ్ముకోవాల్సిందే. 16 ఒంటరిగా ఉన్నా దాని పక్కన చోటు ఉంటుంది.

ఎంవీపీ బిట్టు:
8 జత వద్దన్నంత వరకు ఒప్పుకుంటాను. ఈ బోర్డుకు పట్టే డీడీఆర్5 రకం ర్యామ్‌లో 8 జీబీ స్టిక్కులకు సాధారణంగా నాలుగే చిప్పులుంటాయి, వేగంలోనూ కాస్త వెనకే. కానీ ఒంటి స్టిక్కు అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న రెండు దారుల్లో (చానళ్లలో) ఒకటి ఖాళీ, సెకనుకు వెళ్లే డేటా (బ్యాండ్‌విడ్త్) సగం. గ్రాఫిక్స్ కార్డు లేదన్నారు. అంటే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఆ సగంతోనే బతకాలి. కుర్రాడు గేమ్ పెట్టిన మొదటి రోజే తేడా తెలుస్తుంది.

ఇక నాలుగు స్లాట్ల సంగతి. రైజెన్ 7000కు ఏఎమ్‌డీ చెప్పిన లెక్క: రెండు స్టిక్కులైతే ర్యామ్ వేగం 5200 (సెకనుకు మెగా ట్రాన్స్‌ఫర్లు), నాలుగైతే 3600. షాపతను ఈ మాట చెప్పాడా? 16 జత తీసుకోండి, మిగతా రెండు స్లాట్లను మరిచిపోండి.

గాజువాక పొదుపరి:
3600 కంపెనీ హామీ ఇచ్చే అంకె. బోర్డు బాగుంటే అంతకన్నా పైనే నడిపేవాళ్లున్నారు. అయినా విద్యార్థికి వేగం కన్నా పరిమాణమే ముఖ్యం. ర్యామ్ నిండిపోయి పని ఎస్‌ఎస్‌డీ మీదకు మళ్లితే 5200 ఉన్నా ఒరిగేదేమీ లేదు.

సీతమ్మధార స్క్రూడ్రైవర్:
రిపేర్లు చేసేవాడిగా ఒక మాట. ఏడాది తర్వాత అదే కంపెనీ, అదే మోడల్ అడిగి తెచ్చుకున్నా లోపలి చిప్పులు వేరే తయారీదారువి కావచ్చు. రెండూ కలిసి పనిచేస్తాయి, కాకపోతే నెమ్మదైన దాని వేగంతో. తంటా అంతా ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని మీద రాసిన పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేసినప్పుడే. కొత్త స్టిక్కు పెట్టాక తొలిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. బోర్డు మెమరీని పరీక్షించుకుంటోందని తెలియక, మధ్యలో స్విచ్ కట్టేసి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చేవాళ్లే ఎక్కువ.

పాత కంప్యూటర్‌లోని డీడీఆర్4 ఉంది కదా అని నొక్కి చూడకండి. పిన్నులు రెండింటికీ 288 అయినా గాడి వేరేచోట ఉంటుంది. బలం చూపిస్తే స్లాటే పోతుంది.

మద్దిలపాలెం నాన్న:
షాపుకు ఫోన్ చేశాను. రంగు దీపాల క్యాబినెట్, దీపాల ఫ్యాన్లు తీసేస్తే 16 జతకు సగానికి పైగా సర్దుబాటు అవుతుందట. అబ్బాయి ముఖం మాడ్చుకున్నాడు.

గాజువాక పొదుపరి:
మిగతా సగం ఎక్కడి నుంచి వస్తుందండీ? నేనైతే ఇప్పటికీ ఒకటే కొంటాను.

ఎంవీపీ బిట్టు:
ఫ్యాన్లు తీసేయండి, జత కొనండి. బిగించేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది స్లాట్లలో పెట్టారో లేదో చూడండి. పక్కపక్కనే గుచ్చేసి పంపినవి చాలా చూశాను.