‘కాస్మెటిక్ లోపం’: చాకు పిడి మీది గీతకు తెలుగులో ఏమనాలి?

ప్రశ్న (చిత్తూరు, పనిముట్ల దుకాణం)
నమస్కారం. మా దుకాణంలో అల్యూమినియం పిడి ఉన్న మడత చాకులు అమ్ముతాము. మామిడి కాలంలో తోటల వాళ్లు ఎక్కువగా కొంటారు. కొత్త పెట్టె విప్పగానే కొన్నిటి పిడి మీద సన్నని గీత కనబడుతుంది. కొన్నిటికి అంచున తెల్ల చుక్క ఉంటుంది. కొన్నిటికి ఒకవైపు నీలం ముదురుగా, రెండోవైపు లేతగా ఉంటుంది. అలుగు, పదును, మడత అన్నీ బాగానే ఉంటాయి. కంపెనీ కార్డులో ‘కాస్మెటిక్ లోపాలకు మార్పిడి లేదు’ అన్న ముక్క ఉంది. దాన్ని తెలుగులో అచ్చు వేయించి కౌంటరు మీద పెట్టాలనుకుంటున్నాను. కాస్మెటిక్ అంటే కొనేవాళ్లు స్నో, పౌడరు అనుకుంటున్నారు. సరైన మాట ఒక్కటి చెప్పండి చాలు.

జవాబు (తిరుపతి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)
‘అలంకార దోషం’ అని మాత్రం వేయించకండి, ఉపమాలంకారంలో తప్పు పట్టినట్టు ఉంటుంది. ‘సౌందర్య లోపం’ పెళ్లిచూపుల మాట. ‘పైపై లోపం’ అందరికీ అర్థమవుతుంది కానీ ‘పైపై’లో కొంత చులకన ఉంది. ఆ మాట డబ్బు పెట్టినవాడు అనుకోవాలి గాని అమ్మినవాడు అనకూడదు. నా ఓటు ‘మెరుగు లోపం’కు. మెరుగు పెట్టడం అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు.

జవాబు (తిరుపతి, పాత్రల వ్యాపారం)
మాస్టారూ, మెరుగు అంటే మా కొట్లో తళతళ. ఈ చాకు పిడి మసకగా, కాస్త గరుకుగా ఉండడమే దాని తీరు కదా! అసలు ఒక్క మాట ఎందుకు? మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు సత్తు గిన్నెను వెలుతురులో తిప్పి చూసి ‘ఇక్కడ సొట్ట’ అంటారు, ‘ఇది గాటు’ అంటారు, ‘ఈ మరక పోతుందా?’ అని అడుగుతారు. లోపం అని ఒక్కరూ అనరు. సొట్టకు ధర తగ్గిస్తాం. మరకను మేమే తుడిచి ఇస్తాం. గాటు వేలికి తగిలితే ఆ గిన్నె పక్కన పెట్టేస్తాం. (మా పక్క పెద్దవాళ్లకు అల్యూమినియం ఇప్పటికీ సత్తే.)

జవాబు (రేణిగుంట, లోహపు పనుల్లో ఉన్నవాడిని)
పాత్రల అక్క చెప్పిందే సరైనది. ఆ రంగు ఎలా పడుతుందో తెలిస్తే పేర్లు వాటంతట అవే వస్తాయి.

ఈ అల్యూమినియం పిడికి రంగు పట్టించే పద్ధతిని అనోడైజింగ్ అంటారు. అది పెయింటులా పైనుంచి పూసే పూత కాదు. పిడి పలకను సల్ఫ్యూరిక్ ఆమ్లం తొట్టిలో వేలాడదీసి కరెంటు ధన ధ్రువానికి కలుపుతారు. అప్పుడు అల్యూమినియం పైభాగమే ఆక్సైడుగా మారుతుంది. ఆ పొర కొంత లోహం లోపలికి, కొంత పైకి పెరుగుతుంది. రంగు వేసే పలకలకు దాని మందం సాధారణంగా 5 నుంచి 25 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలుచన. ఆ పొర నిండా సూక్ష్మమైన రంధ్రాలు ఉంటాయి. రంగు వాటిలోకి ఇంకుతుంది. తరువాత మరిగే నీళ్లలో ఉంచితే రంధ్రాలు మూసుకుంటాయి.

ఇప్పుడు మీ గీత సంగతి. దాన్ని వెలుతురులో పెట్టి అడుగు చూడండి. అడుగున కూడా నీలమే ఉంటే అది రంగుకు ముందు పడిందన్నమాట. పలక కోసేటప్పుడో నునుపు చేసేటప్పుడో పడి ఉంటుంది, తప్పు కర్మాగారానిదే. అడుగున తెల్లగా లోహం మెరిస్తే పొర తెగింది. అది రంగు తరువాతి పని. మరలు బిగించేటప్పుడు జరిగి ఉండవచ్చు, మీ కౌంటరు మీదా జరిగి ఉండవచ్చు. మొదటిది గీత, రెండోది గీరుడు. రెండింటినీ ఒకే ‘కాస్మెటిక్’ కింద కట్టేస్తే ఎవరి తప్పో తేలకుండా పోతుంది. ఆ మాట రాసినవాళ్లకు కావలసిందీ అదేనని నా అనుమానం.

చూపుకు గీతలా ఉండి గీత కానిది ఇంకొకటి ఉంది. ఆ పొర చాలా గట్టిది. తాళంచెవి రాసుకుంటే ఒక్కోసారి తాళంచెవే అరిగి, దాని లోహం పిడికి అంటుకుంటుంది. పెన్సిలు రబ్బరుతో రుద్దండి, పోతే మరక. దానికోసం చాకు వెనక్కి పంపనక్కరలేదు.

తెల్ల చుక్క కొక్కెం మచ్చ అయి ఉంటుంది. తొట్టిలో కొక్కెం పలకను పట్టుకున్న చోట ఆక్సైడు ఏర్పడదు, కాబట్టి రంగూ నిలవదు. మంచి పనివాళ్లు ఆ చోటు లోపలివైపు పడేలా చూసుకుంటారు. బయట కనబడుతోందంటే అజాగ్రత్తే. ఇక చాయ తేడా అంటారా, రెండు పలకలూ వేరు వేరు విడతల్లో తొట్టిలోకి వెళితే వస్తుంది, లోహ మిశ్రమంలో కాస్త తేడా ఉన్నా వస్తుంది.

జవాబు (ఉపాధ్యాయుడు)
గీత, గీరుడు అని విడదీయడం బాగుంది. గీత గీస్తే పడుతుంది. గీరడంలో పై తోలు లేవడం ఉంది, ‘ముల్లు గీరుకుంది’ అంటాం కదా. నా ‘మెరుగు లోపం’ కంటే ఇదే నయం. అయితే ‘పూత కాదు’ అన్న మాట ఒప్పుకోను. మామిడి పూతను ఎవరు పూస్తారు? అది చెట్టు లోపలినుంచే వస్తుంది. గంధం పూయడమూ పూయడమే, చెట్టు పూయడమూ పూయడమే. చిత్తూరు వాడికి పూత అంటే ముందు తోచేది రెండోదే.

ఇంకొకటి. మీరు చెప్పిన ఆక్సైడు రసాయనంగా మన కురువిందమే. ఇంగ్లీషులో కొరండం అంటారే, అది తమిళ ‘కురుందం’ నుంచి వెళ్లిన మాట. ఎర్రనిదైతే కెంపు, నీలిదైతే ఇంద్రనీలం.

జవాబు (రేణిగుంట)
మామిడి పూతకు ఒప్పుకున్నాను సార్. కురువిందం పేరు మాత్రం కార్డు మీద వేయించకండి, కొన్నవాళ్లు చాకును రాతి మీద పడేసి పరీక్షిస్తారు. పొర గట్టిదే, దాని కింద ఉన్నది మెత్తని లోహం. పడితే సొట్ట ఖాయం.

ప్రశ్న వేసినవారు (చిత్తూరు)
అందరికీ ధన్యవాదాలు. ఇలా వేయిస్తున్నాను:

“పిడి మీద గీత, కొక్కెం మచ్చ, చాయ తేడా ఉంటే అమ్మేముందే చూపిస్తాము. నచ్చకపోతే వేరేది ఎంచుకోండి. కొన్న తరువాత పడిన గీరుడుకు, సొట్టకు మార్పిడి లేదు. అలుగు వదులైనా, మడత సరిగా పడకపోయినా చాకు తెచ్చి ఇవ్వండి.”

జవాబు (పాత్రల వ్యాపారం)
బాగుంది అన్నా. ‘కొక్కెం మచ్చ’ తీసేసి ‘తెల్ల చుక్క’ అని వేయించండి. కొనేవాళ్లకు కనబడేది చుక్కే గాని కొక్కెం కాదు.