రొయ్యలకి, చెరువు బురదకి సీజియం పరీక్ష ఎక్కడ చేస్తారు?

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, వనామీ రొయ్యల చెరువులు చేస్తున్నాం. 2025 ఆగస్టులో ఇండోనేషియా రొయ్యల్లో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం దొరికిందని అమెరికా ప్రకటించింది కదా. కిలోకు సుమారు 68 బెక్వెరెల్సే (రేడియోధార్మికతను కొలిచే యూనిట్), అమెరికా పెట్టిన హద్దు 1200, అయినా ఆ సరుకు ఆపేశారు. పాత ఇనుము కరిగించే ఫ్యాక్టరీ నుంచే వచ్చిందని ఇండోనేషియా అధికారులు తేల్చారు.

మా గట్టుకు ఆనుకునే పాత ఇనుము యార్డు ఉంది. గాలి తోలితే ఎర్రదుమ్ము ఏరేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) రెక్కల మీద పేరుకుంటుంది. అది వట్టి తుప్పే కావచ్చు, కానీ సీజియానికి రంగూ వాసనా ఉండవు, సగం తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది. పిల్లలు ఆ గట్ల మీదే ఆడతారు, అదే టెన్షన్.

గామా పరీక్ష (గామా కిరణాలను బట్టి సీజియాన్ని కొలిచే పరీక్ష) చేసే ల్యాబ్ దగ్గర్లో ఎక్కడుంది? నమూనా ఎంత పంపాలి? రేడియేషన్ కొలిచే మామూలు గీగర్ మీటరుకి ఇంత తక్కువ మోతాదు అందుతుందా? ఎగుమతి ప్లాంట్లలో పనిచేసేవాళ్లుంటే దయచేసి చెప్పండి.