ఆరు పాటలున్నాయి, ప్రొడ్యూసర్ కావాలి: ఎవరి చేతిలో పెట్టాలి?

వానకోయిల
అందరికీ నమస్కారం. కాకినాడలో ఉద్యోగం చేస్తున్నాను. పాట నేనే రాసుకుంటాను, బాణీ నేనే కట్టుకుంటాను, హార్మోనియం పెట్టుకొని పాడతాను. అలాంటివి ఆరు ఫోనులో ఉన్నాయి. సరిగ్గా రికార్డు చేయించి విడుదల చేద్దామని ఇద్దరితో మాట్లాడాను. ఒకరు హైదరాబాద్‌లో ఉంటారు, సినిమాలకు కీబోర్డు ప్రోగ్రామింగ్ చేశారు. మిక్సింగ్ (గొంతూ వాద్యాలూ తగిన పాళ్లలో కలపడం), మాస్టరింగ్ (చివరి మెరుగు) కలిపి పాటకు 35,000 అడిగారు. రెండో అతను గుంటూరు కుర్రవాడు. ఇంట్లోనే ఒక గదిని స్టూడియో చేసుకున్నాడు, పాటకు 8,000 చాలన్నాడు. నా దగ్గర లక్ష రూపాయలున్నాయి. చీటీ పాటలో వచ్చిన డబ్బు, పాటలకే పోతోందని మా అమ్మ నవ్వుతోంది. మంచి ప్రొడ్యూసర్‌ను ఎలా గుర్తుపట్టాలి?

గోదారిగట్టు
8,000కు ఒక లూపు (తిరిగి తిరిగి మోగే రెడీమేడ్ ముక్క) వేస్తాడు. 35,000కు రెండు లూపులు వేస్తారు. ఎంపిక మీదే.

మిక్సింగ్‌బల్ల
పై వ్యాఖ్య రాసినవారు ఒక్క పాటైనా మొదటి నుంచి చివరి దాకా చేసి ఉండరు.

అమ్మా, పద్నాలుగేళ్లుగా ఇదే నా వృత్తి. ధర తరువాత చూడండి, ఆ ధరలో ఏమేమి ఉన్నాయో ముందు అడగండి. ఫ్లూటు మనిషి వచ్చి వాయిస్తాడా, కీబోర్డు మీదే కానిచ్చేస్తారా? మార్పులు ఎన్నిసార్లు చేస్తారు? స్టేజీ మీద పాడుకోవడానికి గొంతు లేని ట్రాకు విడిగా ఇస్తారా? ఇక ఆయన పనిని వినండి. హైదరాబాద్ ఆయన సినిమా పాటలే వినిపిస్తారు. వాటిలో ఆయన చేసింది ఒక భాగమే, ఎంత భాగమో మీకు తెలియదు. సొంత పాటలు పాడుకునే మీలాంటివాళ్లకు చేసినవి మూడు ఇవ్వమనండి. మూడింటిలో గాయకులు మారినా పాట మారినట్లు లేకపోతే మీది నాలుగోది అవుతుంది. ఆరు పాటలూ ఒకేసారి అప్పగించకండి, ఒకటి చేయించి చూడండి. స్క్రాచ్ (నమూనా పాట) పాడి పంపేటప్పుడు చెవిలో క్లిక్ (లయ చూపే టిక్‌టిక్ చప్పుడు) పెట్టుకోండి. మీ లయ ఎక్కడ పరుగెత్తుతుందో మీకే తెలుస్తుంది.

ఒక్క మనవి. మొదటి రోజే స్టెమ్స్ ఇస్తారా, ప్రాజెక్టు ఫైలు ఇస్తారా అని అడగకండి. పెళ్లిచూపుల్లో విడాకుల సంగతి ఎత్తినట్లు ఉంటుంది.

శ్రుతిపెట్టె
అన్నీ బాగానే చెప్పి చివర విషం కలిపారు. వానకోయిల గారూ, మొదటి రోజే అడగండి. అడ్వాన్సు ఇచ్చే ముందే అడగండి.

నాది ఐదు శ్రుతి, నా గొంతుకు సరిపోయే ఎత్తు అదే. ఇరవై రెండేళ్లుగా అంతే. నేను పాటిచ్చిన పెద్దమనిషి ఆరు శ్రుతిలో ట్రాకు కట్టారు. ఎత్తులో ఉంటే ఊపు వస్తుందట. చరణంలో తారస్థాయి గాంధారం దగ్గర నా గొంతు చిరిగిపోయింది. “పరవాలేదు, సరిచేద్దాం” అన్నారు. సరిచేశారు. పల్లవి చివర నిషాదం నుంచి పంచమం దాకా ఒక జారు ఉంది. ఆ పాటకు ప్రాణం అదే, మా అమ్మమ్మ జోలపాటలో నుంచి వచ్చింది. ఫైలు తెరిచి విన్నాను: ని, ద, ప. మూడు స్వరాలు, మూడు మెట్లు. జారుడుబండను పగలగొట్టి మెట్లు కట్టినట్లుంది. నా గొంతు విడిగా ఇవ్వండి, వేరేచోట మిక్సింగ్ చేయించుకుంటానన్నాను. ఇదిగో అదిగో అని నాలుగు నెలలు గడిపి, హార్డ్‌డిస్కు పోయిందన్నారు. ఇచ్చిన 40,000 కూడా దానితోపాటే పోయాయి.

తబలాతాత
స్టెమ్స్ అంటే ఏమిటి నాయనా?

పల్లవిచాలు
గొంతు, డ్రమ్స్, బేసు, ఫ్లూటు... ఒక్కొక్కటీ విడివిడి ఫైలుగా ఇవ్వడం, తాతగారూ. అన్నీ ఒకే క్షణం నుంచి మొదలవుతాయి కాబట్టి ఎవరైనా పక్కపక్కన పేర్చి మళ్లీ మిక్సింగ్ చేసుకోవచ్చు. ప్రాజెక్టు ఫైలు వేరు. అది సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునే అసలు పని, ఎక్కడ ఏమి చేశారో అంతా అందులో కనిపిస్తుంది.

మిక్సింగ్‌బల్ల
శ్రుతిపెట్టె గారికి జరిగింది అన్యాయమే, కాదనను. శ్రుతి అడగకుండా ట్రాకు కట్టినవాడు ఆ కుర్చీలో కూర్చోవడానికే తగడు. అయితే ఒక అసమర్థుడు ఎదురయ్యాడని అందరి దగ్గరా ప్రాజెక్టు ఫైలు అడగమంటే ఎలా? హోటల్లో భోజనం చేసి వంటగది తాళాలు అడిగినట్లుంది.

శ్రుతిపెట్టె
భోజనం కాదు. స్థలం నాది, ప్లాను నాది, డబ్బు నాది. మేస్త్రీని ఇంటి తాళం అడుగుతున్నాను.

మిక్సింగ్‌బల్ల
తాళం ఇచ్చాం కదా, అదే పూర్తయిన పాట. మీరు అడుగుతున్నది మేస్త్రీ తాపీ.

గోదారిగట్టు
ఇల్లా, హోటలా? ముందు తేల్చుకోండి.

కాగితంపులి
అసలు ‘ప్రొడ్యూసర్’ అన్న మాటనే ఇక్కడ అందరూ తప్పుగా వాడుతున్నారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు ప్రొడ్యూసర్ అంటే, ఆ రికార్డింగు తయారు కావడానికి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తి. మనిషిని వెతికి, డబ్బు పెట్టి చేయిస్తున్నది వానకోయిల గారు. కాబట్టి మామూలుగా చట్టం దృష్టిలో ప్రొడ్యూసర్ ఆవిడే. మీరంతా ప్రొడ్యూసర్ అంటున్న ఆయన అరేంజరు, అంటే బాణీకి వాద్యాలు సమకూర్చేవారు.

మిక్సింగ్‌బల్ల
చట్టం ఏమన్నా ప్రపంచమంతా మమ్మల్ని మ్యూజిక్ ప్రొడ్యూసర్ అనే పిలుస్తోంది.

కాగితంపులి
ప్రపంచం పిలిస్తే హక్కు రాదు. హక్కు మరొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అని చట్టం అనుకుంటుంది. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. మీలో ఎంతమంది కాగితం రాసుకున్నారు?

(రెండు రోజులు ఎవరూ ఏమీ రాయలేదు.)

తబలాతాత
మా విజయవాడ ఆకాశవాణిలో ప్రొడ్యూసర్ అంటే అదొక ఉద్యోగం పేరు. డబ్బు ఆయనదీ కాదు, మాదీ కాదు, ప్రభుత్వానిది. లలిత సంగీతం రికార్డింగంటే వాద్యకారులమంతా ఒకే గదిలో కూర్చునేవాళ్లం. వయొలిన్ ఆయన తప్పు వాయిస్తే అందరం మొదటి నుంచి వాయించాల్సిందే. గాయని మాత్రం ముందుగా వచ్చి తంబుర దగ్గర కూర్చునేది. ఆమె శ్రుతికే మేమంతా వాద్యాలు సరిచేసుకునేవాళ్లం. ఆమెను మా శ్రుతికి రమ్మనడం ఎరగం.

శ్రుతిపెట్టె
తాతగారూ, ఈ మాట ఒక్కటి చాలు నాకు.

పల్లవిచాలు
ఒక చేదు మాట కూడా వినండి. పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందన్న లెక్కతో దిగకండి. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడకపోతే దాని రికార్డింగుకు పైసా లెక్కకట్టరు. ఉన్న లక్ష రూపాయలనూ రెండు పాటలకే ఊడ్చేసి, ప్రచారానికి చేతిలో ఏమీ లేక కూర్చున్నది నేనే.

శ్రుతిపెట్టె
డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. మిక్సింగ్‌బల్ల గారిని సూటిగా అడుగుతున్నాను. మీరు ఎవరికైనా స్టెమ్స్ ఇచ్చారా, లేదా? అవును, కాదు, అంతే చెప్పండి. వంటగదులూ పెళ్లిచూపులూ వద్దు.

మిక్సింగ్‌బల్ల
ఇచ్చాను. ఇవ్వడం మానేశాను. ఎందుకో చెబుతాను, ఓపిక ఉంటే చదవండి.

నాలుగేళ్ల క్రితం ఒక అమ్మాయి వచ్చింది. చక్కటి సాహిత్యం. బాణీ మాత్రం పల్లవి దాటాక చరణం చరణమంతా ఒకే చోట తిరిగేది. మొదటి చరణానికి ముందు నేనొక ఫ్లూటు బిట్ కట్టాను, పదకొండు సెకన్లు. రాత్రి రెండింటికి వచ్చింది ఆ ఆలోచన, పక్కింటివాళ్లు నిద్రలేస్తారని నోటితో ఈల వేసి ఫోనులో దాచుకున్నాను. పాట బాగా వెళ్లింది. స్టెమ్స్ అడిగితే ఇచ్చాను. ఏడాది తరువాత అదే పాట మరొకరి చేత కొత్తగా చేయించి విడుదల చేశారు. నా డ్రమ్స్ తీసేశారు, నా బేసు తీసేశారు, ఫ్లూటు మాత్రం ఉంది. “సాహిత్యం, సంగీతం, గానం” మూడింటికీ ఆమె పేరే. మొన్న తాడేపల్లిగూడెంలో ఒక పెళ్లికి వెళ్తే సన్నాయి మేళంవాళ్లు ఆ పాట ఎత్తుకున్నారు. ఎక్కడ మొదలుపెట్టారో తెలుసా? పల్లవితో కాదు. నా పదకొండు సెకన్లతో. పక్కన కూర్చున్న మా ఆవిడ నా మొహం చూసి, “భోజనానికి వెళ్దాం పదండి” అంది.

శ్రుతిపెట్టె
బాధగానే ఉంది. అయినా మీరు దానికి డబ్బు తీసుకున్నారు కదా?

మిక్సింగ్‌బల్ల
పనికి తీసుకున్నాను. పేరుకు కాదు.

శ్రుతిపెట్టె
ఇప్పుడు బయటపడింది అసలు సంగతి. మీకు కావలసింది అరేంజ్‌మెంట్ పక్కన పేరు కాదు. సంగీతం పక్కన. నా పాట హార్మోనియం మీద పాడిన రోజే పూర్తయింది. దానికి మీరు బట్టలు కుడుతున్నారు. బట్టలు కుట్టినవాడు బిడ్డకు తండ్రినంటే ఎలా?

మిక్సింగ్‌బల్ల
హార్మోనియంతోనే పూర్తయితే నా దగ్గరికి ఎందుకు వచ్చారు? పూర్తి కాలేదని మీకూ తెలుసు. “కొంచెం ఫీల్ పెంచండి” అంటారు. ఆ ఫీలు ఎక్కడి నుంచి తేవాలి? నా జేబులోంచే కదా? మీ ఇష్టప్రకారం మీట నొక్కేవాడు కావాలంటే వెతుక్కోండి, 8,000కే దొరుకుతాడు. పాటకు ఇంకేదో కలవాలంటే, కలిపినవాడిని ఒప్పుకోండి.

శ్రుతిపెట్టె
నా జారును మెట్లు చేసినవారూ ఏదో ‘కలిపామనే’ అన్నారు. మీరంతా ఒకటే.

మిక్సింగ్‌బల్ల
మీలాంటివాళ్ల వల్లే మంచి ప్రొడ్యూసర్లు సొంత పాటలవాళ్ల పని ఒప్పుకోవడం మానేశారు.

వేదిక నిర్వాహకులు
ఇద్దరూ ఒక పూట ఆగండి. ‘మీరంతా’, ‘మీలాంటివాళ్లు’ అన్న మాటలు మళ్లీ కనిపిస్తే చర్చకు తాళం వేస్తాను.

గోదారిగట్టు
ఆ తాళమైనా ఎవరిదో ముందే రాసుకోండి.

కాగితంపులి
కోపాలు పక్కన పెడితే ప్రశ్న మంచిది. చట్టంలో ‘సంగీత కృతి’లోకి మాటలు రావు, సంగీతం ఒక్కటే వస్తుంది. దాన్ని కట్టినవారు స్వరలిపిలో రాసినా రాయకపోయినా స్వరకర్తే. ఫ్లూటు బిట్ కొత్త బాణీ అయితే దాన్ని కట్టినవారికి వాదించుకోవడానికి చోటుంది. డ్రమ్స్ వేసినంత మాత్రాన అంత సులువు కాదు. 2012 సవరణ తరువాత సాహిత్యం, సంగీతం కట్టినవారు పాట హక్కు తీసుకున్నవారితో సమానంగా రాయల్టీ పొందే తమ హక్కును వారసులకో, రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ వదులుకోలేరు. అందుకే అలాంటి సొసైటీ అయిన ఐపీఆర్ఎస్‌లో పాట నమోదు చేసేటప్పుడు ఎవరి వాటా ఎంతో రాయాలి. ఆ గడి నింపేటప్పుడు కొట్టుకోవడం కన్నా మొదటి ఫోనులోనే అడగడం మేలు.

వానకోయిల
ఇంత చర్చ జరుగుతుందనుకోలేదు. మీరు చెప్పినట్లే ఒక్క పాట స్క్రాచ్, క్లిక్‌తో పాడి ఇద్దరికీ పంపాను. హైదరాబాద్ ఆయన గంటలో జవాబిచ్చారు. “బాగుంది, రిఫరెన్సు పాట ఏదైనా పంపండి, అలా చేద్దాం” అన్నారు. గుంటూరు అబ్బాయి నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు ఫోను చేసి, “అక్కా, రెండో చరణంలో ఒక లైను ఎక్కువైనట్లుంది, తీసేసి చూడండి” అన్నాడు. ముందు కోపం వచ్చింది. తీసేసి పాడాను. నిజమే.

అతనితోనే వెళ్దామనుకుంటున్నాను. స్టెమ్స్ ఇస్తానన్నాడు. కాకపోతే ఒక మెలిక పెట్టాడు. మొదట్లో వచ్చే వయొలిన్ బిట్ తన బాణీ కాబట్టి, సంగీతం దగ్గర నా పేరు పక్కన తన పేరూ వేయాలట. ఒప్పుకోవాలా?

శ్రుతిపెట్టె
వద్దు. ‘అరేంజ్‌మెంట్’ అని వేయండి, చాలు.

మిక్సింగ్‌బల్ల
ఆ వయొలిన్ బిట్ ఇక్కడ పెట్టండమ్మా. వినకుండా ఎవరం ఏమి చెప్పినా గాలిమాటే.

శ్రుతిపెట్టె
నేనూ వింటాను. ఇంతకీ ఏ శ్రుతిలో కట్టాడు?