పడవలో లిథియం బ్యాటరీలు పెట్టాను, ఇన్సూరెన్స్ రెన్యువల్ ఆగింది

నమస్కారం అందరికీ. అట్లాంటా దగ్గర లేక్ లేనియర్‌లో మాకు 26 అడుగుల పాత తెరచాప పడవ ఉంది. మొన్న వేసవికి ముందు రెండు లెడ్ బ్యాటరీలు తీసేసి, 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌వి రెండు నేనే బిగించాను. పాతది ఒక్కోటి దాదాపు 30 కిలోలు, పైకి తెచ్చేసరికి నడుం పట్టేసింది. కొత్తది 12 కిలోలు కూడా లేదు.

రెన్యువల్ ఫారంలో లిథియం ఉందా, ఎవరు బిగించారు అని అడిగితే ఉన్నది రాశాను. సర్వే రిపోర్ట్ (పడవను నిపుణుడు పరీక్షించి ఇచ్చే నివేదిక) లేకుండా పాలసీ ఇవ్వలేమన్నారు. పిల్లలు ఎక్కే పడవ, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: నిజం రాసి మంచి పని చేశారండీ. దాచితే క్లెయిమ్ దగ్గర పట్టుకుంటారు. మెరైన్ సర్వేయర్‌ని (పడవలు పరీక్షించే నిపుణుడిని) ఏబీవైసీ ఇ-13 ప్రకారం చూడమనండి. ఏబీవైసీ అంటే అమెరికాలో పడవల భద్రతా ప్రమాణాలు రాసే సంస్థ, 2022లో వచ్చిన లిథియం ప్రమాణం అది. మా పడవ చూసినాయన ముందు ఫ్యూజే అడిగాడు. బ్యాటరీ ప్లస్ పక్కనే క్లాస్-టి ఫ్యూజ్ (చాలా పెద్ద కరెంటును కూడా తెంచగల రకం) ఉండాలి. లిథియం షార్ట్ అయితే వచ్చే కరెంటును మామూలు ఫ్యూజ్ తెంచలేకపోవచ్చు.

ఇంకో జవాబు: ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది) సంగతి చూశారా? చార్జింగ్ మధ్యలో బీఎంఎస్ (లిథియం బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) కట్ చేస్తే వోల్టేజ్ ఎగిరి ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు కాలిపోవచ్చు. నాది అలాగే పోయింది. ఇంజిన్ స్టార్టింగ్‌కి లెడ్ బ్యాటరీ ఉంచి, దానికీ లిథియంకీ మధ్యలో డీసీ-డీసీ చార్జర్ (ఒక బ్యాటరీ వైపు నుంచి ఇంకో బ్యాటరీని అదుపుగా చార్జ్ చేసేది) పెట్టండి. ఫారంలో ఉత్త 'లిథియం' అని కాకుండా ఐరన్ ఫాస్ఫేట్ అని పూర్తిగా రాయండి.

అడిగినవారు: ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. నా ఫ్యూజ్ బ్యాటరీకి 4 అడుగుల దూరంలో ఉంది, అదీ మామూలు రకమే. శనివారం మార్చేసి, ఆ తర్వాతే సర్వేయర్‌ని పిలుస్తాను.